‘త్వచపు వోల్టేజి’ – ‘పొరకు అటూ ఇటూ’

సందేహం: ఇంటర్ పిల్లలకు జీవశాస్త్రం చెబుతాను. ‘కణత్వచపు వోల్టేజి గ్రాహక సంకేతాలను ప్రభావితం చేస్తుంది’ అని నోట్సులో రాయించాను. అందరూ బట్టీ పట్టారు గానీ ఒక్కరికీ అర్థం కాలేదు. ఇందులో తెలుగు తప్పేమైనా ఉందా? త్వచం అనాలా, పొర అనాలా?
– ఒక అధ్యాపకుడు, అమలాపురం

సమాధానం: తప్పని కొట్టేయదగ్గది లేదు మాస్టారూ. కానీ ఏది మారితే ఏమవుతుందో ఆ వాక్యంలో కనబడదు.

త్వచం అంటే సంస్కృతంలో చర్మం. పరీక్షలో ఆ మాటే రాయాలి కాబట్టి మానేయమనను. నోటితో చెప్పేటప్పుడు మాత్రం పొర అనండి. పలచటివాటికి మనకు మాటల కరువు లేదు. పాల మీద కట్టేది తొరక, పాము విడిచేది కుబుసం. ఆత్రేయపురంలో పలచటి పిండిలో ముంచిన గుడ్డను వేడి కుండ మీద పరిచి లాగితే లేచేది రేకు. కణాన్ని కప్పి ఉంచేదానికి వీటిలో ఏదీ అతకదు, పొరే అతుకుతుంది. కోడిగుడ్డు పెంకు వలిస్తే లోపల కనిపించేదాన్ని పిల్లలు పొరనే అంటారు కదా.

అసలు చిక్కు ‘త్వచపు’లో ఉంది. సరసపు మాట అంటే సరసమైన మాట. ఆ ‘పు’ చేరేసరికి వోల్టేజి పొరకున్న గుణంలా వినిపిస్తుంది. నిజానికి అది పొరకు లోపలికీ బయటికీ మధ్య తేడా. ఓసారి పిల్లల్ని లొల్ల లాకుల దగ్గరికి తీసుకెళ్లండి. తలుపుకి ఎగువన నీళ్లు ఎత్తులో, దిగువన పల్లంలో ఉంటాయి. ‘తలుపు మట్టం’ అని ఏ లస్కరూ అనడు, ఎగువకీ దిగువకీ మట్టం తేడా అంటాడు. నాడీకణం ఊరికే ఉన్నప్పుడు లోపలివైపు బయటికంటే సుమారు 70 మిల్లీవోల్టులు కిందికి ఉంటుంది. చిన్న అంకెలా ఉంది కదా! పొర మందం మీటరును వంద కోట్ల భాగాలు చేస్తే అందులో ఏడెనిమిది భాగాలే. లెక్క కడితే మీటరుకు దాదాపు కోటి వోల్టులు. బయటి రసాయనాన్ని పట్టుకుని కబురు లోపలికి చేరవేసే గ్రాహకమనే ప్రోటీన్ నిలబడి ఉన్నది అంత బలమైన విద్యుత్ క్షేత్రంలో.

వోల్టేజికి కొత్త మాట వెతకక్కర్లేదు. నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్లు ఈడుస్తూ తిరుగుతుంటే ‘కరెంటుంది గానీ ఓల్టేజీ లేదండి’ అంటాడు రొయ్యల చెరువు రైతు. రెండింటికీ తేడా అతనికి తెలుసు. తెలుగు మాటల మొదట ‘వో’ ఉండదని మన పాత వ్యాకరణాలూ చెబుతాయి కాబట్టి ఆ ‘ఓ’ని ఎవరూ తప్పు పట్టక్కర్లేదు.

ఇక ‘ప్రభావితం చేస్తుంది’. ఎటువైపు? గుండెలో ఎసిటైల్‌కోలిన్ అనే నాడీ రసాయనాన్ని పట్టుకునే ఎం2 గ్రాహకం ఉంది. పొరకు అటూ ఇటూ తేడా తగ్గితే దాని పట్టు సడలుతుంది. అదే కుటుంబంలోని ఎం1కి పట్టు బిగుస్తుంది. ‘ప్రభావితం’ ఈ రెండింటినీ ఒకే ముసుగులో దాచేస్తుంది. మెదడులోని ఎన్ఎండీఏ గ్రాహకం కథ ఇంకా బాగుంటుంది. దానిలోంచి అయాన్లు, అంటే విద్యుదావేశమున్న రేణువులు, కణంలోకి వెళ్లే దారికి మెగ్నీషియం అయాను అడ్డం కూర్చుని ఉంటుంది. గ్లుటమేట్ అనే నాడీ రసాయనం వచ్చి గ్రాహకాన్ని పట్టుకున్నా దారి ఇవ్వదు. తేడా తగ్గాకే జారుకుంటుంది. ఈ సంగతి 1984లో బయటపడింది. ఎగువా దిగువా మట్టం కలిస్తేనే లాకు తలుపు తెరుచుకున్నట్టు ఉంటుందది.

గ్రాహకం మాటను మాత్రం మార్చకండి. ‘విషయం గ్రహించాడు’ అనడం పిల్లలకు తెలుసు. అయితే ‘గ్రాహక సంకేతాలు’ అంటే అది అందుకునేవా, పంపేవా? అదీ విప్పి చెప్పాలి. నేనైతే ఇలా రాయిస్తాను: ‘కణం పొరకు లోపలికీ బయటికీ మధ్య ఉన్న ఓల్టేజీ మారితే, పొరలోని కొన్ని గ్రాహకాల పట్టు సడలుతుంది, కొన్నింటిది బిగుస్తుంది. దాన్నిబట్టి అవి లోపలికి పంపే సంకేతం తగ్గుతుంది, లేదా పెరుగుతుంది.’ త్వచం అన్న మాటను పరీక్ష కోసం పక్కన, మార్జిన్‌లో రాయించండి.