విదేశంలో రోగ నిర్ధారణ శిక్షణకు వెళ్లే మండల పశువైద్యులు ఏం నేర్చుకుని రావాలి?

మీరు అడిగింది ఇది: నల్లగొండ జిల్లాలో ఒక మండల పశువైద్యశాలలో పనిచేస్తున్నారు. పశువ్యాధుల ఆధునిక నిర్ధారణ మీద విదేశంలో రెండు వారాల శిక్షణకు మీ పేరు పంపుతామంటున్నారు. ఆసుపత్రిలో మైక్రోస్కోపు, ఫ్రిజ్ తప్ప మరేం లేవు. పీసీఆర్ (శాంపిల్‌లోని రోగక్రిమి జన్యుపదార్థాన్ని పెంచి పట్టే పరీక్ష) నేర్చుకుని వచ్చి ఇక్కడ ఏం చేయాలి, వెళ్లేలోపు ఏం తయారు కావాలి?

వెళ్లండి డాక్టర్ గారూ. అయితే మిషన్ నడపడం కోసం అంత దూరం పోనక్కర్లేదు, అది హైదరాబాద్‌లోనే కొద్ది రోజుల్లో వస్తుంది. అక్కడ పట్టుకోవాల్సింది రిజల్టును ఎప్పుడు నమ్మాలి, ఎప్పుడు నమ్మకూడదు అన్నది. ఆ ఎరుక ఉన్న డాక్టరు పంపిన శాంపిల్ ఏదో, లేని డాక్టరు పంపింది ఏదో ల్యాబులో డబ్బా మూత తీయగానే తెలిసిపోతుంది.

ఇలాంటి శిక్షణలన్నీ ఒకటి కావు. ఆస్ట్రియాలో వియన్నాకు దగ్గర్లోని సైబర్స్‌డార్ఫ్‌లో ఎఫ్‌ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ), అంతర్జాతీయ అణుశక్తి సంస్థ కలిసి నడిపే ల్యాబులో పీసీఆర్, సీక్వెన్సింగ్ (జన్యు అక్షరాల వరుస చదవడం) చేతితో చేయిస్తారు. ఇంగ్లండ్‌లోని పిర్‌బ్రైట్ గాలికుంటుకు ప్రపంచ రిఫరెన్స్ ల్యాబు. ఎఫ్‌ఏఓ కింద ఉన్న యూరోపియన్ గాలికుంటు కమిషన్ నేపాల్, కెన్యా లాంటి చోట్ల రోగం ఉన్న పల్లెల్లోకే తీసుకెళ్లి నేర్పించిన కోర్సులు ఉన్నాయి. ఎంచుకునే వీలుంటే మండల డాక్టరుకు ఈ చివరి రకమే నయం. బొబ్బ పగలకుండా ఉంటే ఒకటి రెండు రోజులది, పగిలి అంచులు పదునుగా ఎర్రగా ఉంటే మూడో రోజుది, అంచులు మొద్దుబారి తెల్లటి పొర కడితే నాలుగు నుంచి ఏడు రోజులది. ఇలా పుండు వయసు చూసి రోగం మందలోకి ఎప్పుడు వచ్చిందో, ఏ సంత నుంచి వచ్చిందో వెనక్కి లెక్కగట్టడం వాళ్లు బాగా నేర్పుతారు. దీనికి ఏ మిషనూ అక్కర్లేదు.

వెళ్లేటప్పుడు మీ మండలం ప్రశ్న ఒకటి వెంట తీసుకెళ్లండి. దక్షిణ తెలంగాణలో ఆ ప్రశ్న దాదాపు ఎప్పుడూ గొర్లదే. 2019 పశుగణనలో గొర్ల సంఖ్యలో దేశంలో తెలంగాణదే మొదటి స్థానం, దాదాపు 1.9 కోట్లు, పాలమూరు, నల్లగొండ మందలు అందులో పెద్ద భాగం. వానలు పడ్డాక కాపరి ఫోన్ చేస్తాడు: జ్వరం, ముక్కు కారుతోంది, మూతి వాచింది, మేత ముట్టడం లేదు. అది పీపీఆర్ (గొర్లకు, మేకలకు వచ్చే వైరస్ రోగం) కావచ్చు, నీలినాలుక కావచ్చు, మశూచి కావచ్చు, రెండు కలిసి కూడా ఉండొచ్చు. ఏ లక్షణమూ లేకుండా తెల్లారేసరికి మంచి కండ ఉన్న పిల్లలు చచ్చి పడుంటే చిటుకు రోగం వైపు చూస్తాం. మూతి వాపుతో పాటు గిట్ట పైఅంచు ఎర్రబడి కుంటుతూ, అదే మందలో మేకలు మామూలుగా తిరుగుతుంటే నీలినాలుక అనుమానం బలపడుతుంది. పారుడు, దగ్గు కలిసి, మేకలూ పడిపోతుంటే పీపీఆర్. ఇవన్నీ అనుమానాలే. తేల్చేది శాంపిల్.

శాంపిల్ దగ్గరే ఎక్కువ పాడవుతుంది, కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం. పీపీఆర్ వైరస్ కంటి నీటిలో, ముక్కు చీమిడిలో బాగా దొరికేది జ్వరం వచ్చిన మొదటి మూడు నాలుగు రోజుల్లో. కాపరి చూపించేది పారుకుంటూ కింద పడ్డ గొర్రెను. అప్పటికే ఆలస్యమై ఉంటుంది. ఆ గొర్రెను చూసి, మందలో తిరిగి థర్మామీటరు పెట్టి 40 నుంచి 41 డిగ్రీల జ్వరం ఉండి ఇంకా నిలబడి ఉన్న నాలుగైదింటిని వెతకండి. స్వాబ్ వాటి నుంచి తీయండి. కట్టె పుల్ల స్వాబ్ వద్దు, దానిలోని పదార్థాలు పీసీఆర్‌ను అడ్డుకుంటాయి. ప్లాస్టిక్ పుల్ల, సింథటిక్ దూది ఉన్నది వాడి, ఒక మిల్లీలీటరు పీబీఎస్ (ఫాస్ఫేట్ కలిపిన ఉప్పు ద్రావణం)లో లేదా వైరస్ రవాణా ద్రావణంలో ముంచి పంపండి. చచ్చిన జీవమైతే పేగుల మధ్య లింఫు గ్రంథులు, తిల్లి (ప్లీహం), ఊపిరితిత్తి ముక్కలు ఐస్‌లో. ఫార్మలిన్‌లో వేసిన ముక్క హిస్టోపాథాలజీకే (మైక్రోస్కోపు కింద కణజాలం చూడటానికే). వైరస్ కోసం పంపే ముక్కను ఫార్మలిన్‌లో వేస్తే దాని కథ అక్కడితో ముగిసినట్టే. ఎన్నో మంచి పోస్టుమార్టాలు ఇలాగే వృథా అవుతున్నాయి.

నీలినాలుకకు రక్తం ఊదా మూత ఉన్న, రక్తం గడ్డ కట్టకుండా ఆపే ఈడీటీఏ ట్యూబులో తీయాలి. ఆకుపచ్చ మూత ట్యూబులోని హెపారిన్ పీసీఆర్‌ను అడ్డుకుంటుంది. నీలినాలుక వైరస్ ఎర్ర రక్తకణాలను అంటిపెట్టుకుని ఉంటుంది కాబట్టి ఈ రక్తాన్ని ఫ్రీజర్‌లో పెట్టకుండా 4 డిగ్రీల దగ్గర ఉంచి పంపాలి. గాలికుంటుకు నాలుక మీది పొర ఒక గ్రాము, సగం గ్లిసరాల్ సగం ఫాస్ఫేట్ బఫర్ ఉన్న ద్రావణంలో, పీహెచ్ 7.2 నుంచి 7.6 మధ్య. గ్లిసరాల్ పుల్లగా ఉంటే వైరస్ దారిలోనే చస్తుంది. సీసా తెరిచాక పీహెచ్ స్ట్రిప్ ముంచి చూడటానికి అర నిమిషం పట్టదు.

ఇక మన ఎండలు. సీరం కోసం మెడ సిర నుంచి 5 మి.లీ. తీసి, ట్యూబును వాలుగా పెట్టి నీడలో గంట రెండు గంటలు ఉంచండి. గడ్డ కట్టాక ఫ్రిజ్‌లో రాత్రంతా పెట్టి, తెల్లారి సీరం వేరు చేసి అప్పుడు ఫ్రీజర్‌లో పెట్టవచ్చు. గడ్డతో ఉన్న రక్తాన్ని ఐస్ ప్యాకుకు నేరుగా ఆనించినా, ఫ్రీజర్‌లో పెట్టినా కణాలు పగిలి సీరం ఎర్రగా దిగుతుంది. ఆ ఎరుపు ఎలీసా (రంగు మార్పుతో యాంటీబాడీలను చూపే పరీక్ష) ప్లేటు మీద తప్పుడు రంగు ఇవ్వొచ్చు. టీకాల క్యారియర్‌లో నాలుగు ఐస్ ప్యాకులు పెట్టి, ట్యూబులను కాగితంలో చుట్టి మధ్యలో నిలబెట్టండి. దేవరకొండ నుంచి, అచ్చంపేట నుంచి మే నెలలో బస్సులో పంపేదైతే డబ్బా సీటు కింద పెట్టించి, ఎక్కేముందు అవతల తీసుకునే మనిషి పేరు ఖాయం చేసుకోండి. బస్టాండులో మూడు గంటలు ఎండలో పడున్న డబ్బాకు ఏ ల్యాబూ న్యాయం చేయలేదు.

శిక్షణలో ల్యాబు పని చేయించేటప్పుడు గమనించాల్సినవి వేరే ఉన్నాయి. పీసీఆర్ గదులు మూడు ఎందుకో అడగండి: పీసీఆర్ రసాయనాల మిశ్రమం కలిపేది ఒకటి, శాంపిల్ నుంచి ఆర్‌ఎన్‌ఏ తీసేది ఒకటి, మిషన్ ఉండేది ఒకటి. మనిషి ఒకే దిశలో నడవాలి, వెనక్కి రాకూడదు. ఒక్కసారి పెరిగిన డీఎన్‌ఏ గాలిలో, గ్లౌజు మీద మొదటి గదికి వస్తే ఆ తర్వాత ప్రతి మందా పాజిటివ్ అంటుంది. శాంపిల్ వేయని ట్యూబు, నీళ్లతో ఆర్‌ఎన్‌ఏ తీసిన ట్యూబు, తెలిసిన పాజిటివ్, లోపలి కంట్రోల్ (పరీక్ష పనిచేసిందని చూపడానికి ప్రతి శాంపిల్‌తోనే నడిచేది) అనే నాలుగింటినీ చూడకుండా ఏ రిపోర్టూ చదవొద్దు. లోపలి కంట్రోల్ రాకపోతే ఆ నెగెటివ్ నెగెటివ్ కాదు; ఆర్‌ఎన్‌ఏ రాలేదని, లేదా అడ్డుపడే పదార్థం ఏదో ఉందని అర్థం. సీటీ విలువ (ఎన్నో సైకిల్‌లో వైరస్ కనిపించిందో చెప్పే అంకె) కూడా అంతే. దాదాపు 3.3 సైకిళ్లకు వైరస్ పదింతలు తగ్గినట్టు లెక్క. ప్రతిసారీ 28 దగ్గర వచ్చే పాజిటివ్ కంట్రోల్ ఇవాళ 33 దగ్గర వస్తే పాడైంది కిట్టు, మంద కాదు. ఫ్రాస్ట్-ఫ్రీ ఫ్రీజర్‌లో ఎంజైములు పెడితే జరిగేది ఇదే: అది మంచు కరిగించుకోవడానికి మధ్యమధ్య వేడెక్కుతుంది.

రిజల్టు అర్థం విషయంలో మీ శిక్షకులను గట్టిగా ప్రశ్నలు అడగండి. నీలినాలుక ఆర్‌ఎన్‌ఏ కోలుకున్న గొర్రె రక్తంలో నెలల తరబడి కనిపిస్తుంది, బతికున్న వైరస్ మాత్రం కొన్ని వారాలకే పోతుంది. కాబట్టి సంక్రాంతికి వచ్చిన పాజిటివ్ వానాకాలపు జబ్బుదే కావచ్చు. పీపీఆర్ ఎలీసా యాంటీబాడీలను చూపిస్తుంది గానీ అవి టీకావా, రోగానివా చెప్పలేదు. మనం వేసే సుంగ్రి 96 టీకాకు ఆ తేడా చూపే గుణం లేదు. టీకా తేదీ రాయకుండా సీరం పంపితే ఆ అంకెకు అర్థమే ఉండదు. గాలికుంటులో మాత్రం ఎన్‌ఎస్‌పీ ఎలీసా (వైరస్ ఒంట్లో పెరిగితేనే పుట్టే ప్రోటీన్ల మీది యాంటీబాడీలను వెతికేది) చాలావరకు ఆ తేడా పట్టిస్తుంది.

ఎన్ని జీవాల నుంచి తీయాలన్న లెక్క కూడా నేర్చుకుని రండి, మన దగ్గర దీన్ని ఎవరూ పట్టించుకోరు. 200 జీవాల మందలో నూటికి పదింటికి సోకి ఉంటుందనుకుంటే, 95 శాతం నమ్మకంతో ఒక్కదాన్నైనా పట్టడానికి ఎంపిక లేకుండా తీసిన 27 శాంపిళ్లు కావాలి. నూటికి ఐదే అనుకుంటే 51. ఐదు సీరాలు పంపి మందలో ఏం లేదనడం తప్పు.

వెళ్లేలోపు పైపెట్టుతో చేయి కుదుర్చుకోండి. 100 మైక్రోలీటర్ల నీళ్లు సున్నితమైన త్రాసు మీద 0.1 గ్రాము తూగాలి. పదిసార్లు వేసి అంకెలు రాసుకుంటే మీ చేతి తప్పెంతో, పైపెట్టు తప్పెంతో తెలుస్తుంది. మీ జిల్లా ల్యాబులో ఇది చేసి చూస్తా అంటే ఎవరూ కాదనరు, హైదరాబాద్ శాంతినగర్‌లోని వీబీఆర్‌ఐ (పశువుల టీకాలు, పరిశోధన సంస్థ)లో ముందు రెండు మూడు రోజులు కూర్చోగలిగితే ఇంకా మంచిది. శాంపిళ్లు మాత్రం సామానులో పెట్టుకుని పోవద్దు. కేంద్ర పశుసంవర్ధక శాఖ అనుమతి, అవతలి దేశం దిగుమతి అనుమతి, యూఎన్ 3373 (రోగ నిర్ధారణ శాంపిళ్ల రవాణాకు అంతర్జాతీయ కోడ్) కింద మూడు పొరల ప్యాకింగ్ లేకుండా అది నేరం, ప్రమాదం కూడా. దొడ్లో వాడిన బూట్లు, బట్టలు ఇంట్లోనే వదలండి, విమానాశ్రయం ఫారంలో పశువుల దగ్గర పనిచేస్తానని నిజం రాయండి.

తిరిగొచ్చాక మీ ఆసుపత్రిలోనే చేయగలిగినవి తక్కువేం కాదు. ఈసుకుపోయిన (గర్భస్రావమైన) గొర్ల సీరానికి, బ్రూసెల్లా కోసం చేసే రోజ్ బెంగాల్ పరీక్ష: గొర్రెకు 75 మైక్రోలీటర్ల సీరం, 25 మైక్రోలీటర్ల యాంటిజెన్, రెండూ గది వేడికి వచ్చాకే కలిపి నాలుగు నిమిషాలు ఊపి చూడాలి. ఫ్రిజ్ నుంచి తీసి వెంటనే వేస్తే తప్పుతుంది. ఈసిన పిండాన్ని గ్లౌజులు, మాస్కు లేకుండా ముట్టొద్దు, బ్రూసెల్లా మనిషికీ వస్తుంది. అకస్మాత్తుగా చచ్చి, ముక్కు నుంచి గడ్డకట్టని రక్తం కారితే దొమ్మ (ఆంత్రాక్స్) అని అనుమానించి, ఆ కళేబరాన్ని కోయకండి. చెవి సిర నుంచి ఒక చుక్కతో స్లైడు వేసి పాలీక్రోమ్ మిథిలీన్ బ్లూ రంగు వేసి చూడండి.

ప్రతి శాంపిల్ వెంట ఒక కాగితం పెట్టండి: జ్వరం మొదలైన తేదీ, మందలో ఎన్ని, ఎన్ని పడ్డాయి, ఎన్ని చచ్చాయి, టీకా ఎప్పుడు, బ్యాచ్ నంబరు, ఈ నెలలో ఏ సంత నుంచి కొన్నారు, కృష్ణ వైపు గానీ నల్లమల వైపు గానీ మేతకు ఎప్పుడు పోయి వచ్చారు. రిపోర్టు రాగానే కాపరికి ఫోన్ చేసి ఫలితం ఏమిటో, ఏం చేయాలో తెలుగులో చెప్పండి, నెగెటివ్ అయినా సరే. ఎక్కడికో పోయిన రక్తానికి జవాబు వచ్చిందని చూసిన కాపరి వచ్చే వానాకాలం జ్వరం మొదటి రోజే ఫోన్ చేస్తాడు. స్వాబ్‌లో వైరస్ దొరికే రోజు అదే.