టెక్ సందేహాలు: బ్యాటరీ ఉన్నా చీకటే

వానలు మొదలైతే చాలు, నాకొచ్చే ఉత్తరాల్లో ఒకటే గోడు. ఈసారి కావలి పాఠకుడి మాటల్లో: "3 కిలోవాట్ల హైబ్రిడ్ సోలార్, 5 యూనిట్ల లిథియం బ్యాటరీ పెట్టించాం. మొన్న రాత్రి పదకొండింటికి కరెంటు పోతే పది నిమిషాల్లో ఇల్లంతా చీకటి. బ్యాటరీ పోయినట్టేనా?"

పోలేదండీ, ఖాళీ అయింది. మీ ఇన్వర్టర్ సెల్ఫ్ కన్సంప్షన్ మోడ్‌లో ఉంది, అంటే పొద్దుగూకిన దగ్గర్నుంచి లైన్లో కరెంటు ఉన్నా సరే మీ టీవీ, ఫ్రిజ్, ఏసీ అన్నీ ముందు బ్యాటరీనే తాగేస్తాయి, పదకొండయ్యేసరికి అడుగంటుతుంది. యాప్‌లో బ్యాకప్ రిజర్వ్ అని ఒకటి ఉంటుంది చూడండి, కరెంటు పోయినప్పటి కోసం బ్యాటరీలో ఎంత దాచాలో చెప్పేది అదే, పెట్టినవాళ్లు దాన్ని 10 శాతం దగ్గరో 20 దగ్గరో వదిలేసి వెళ్లిపోతారు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరానికి తుపాన్ల కాలం కాబట్టి దాన్ని 60 చేయండి. 2023 డిసెంబరు మొదటి వారం, మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పటి రోజులు గుర్తున్నాయిగా, అలాంటి హెచ్చరిక వస్తే 100 చేసేయండి. బిల్లు కాస్త పెరుగుతుంది, పెరగనీండి.

రిజర్వ్ పెంచినా చీకటే అయితే మాత్రం వైరింగ్ చూడాల్సిందే. ఇన్వర్టర్ అడుగున ఇంటి కరెంటు కనెక్షన్లు రెండుంటాయి, ఒకటి గ్రిడ్‌కి, అంటే వీధి లైనుకి, ఇంకొకటి బ్యాకప్‌కి, అంటే కరెంటు పోయినా వెలగాల్సిన వాటికి. నెల్లూరులో మా బంధువుల ఇంట్లో వంగి చూస్తే బ్యాకప్ సాకెట్‌కి ఫ్యాక్టరీలో పెట్టిన రబ్బరు మూత అలాగే ఉంది, ఆరు నెలలుగా! బ్యాటరీ ఉంది, చార్జ్ అవుతోంది, కరెంటు పోయినప్పుడు ఇంట్లోకి వచ్చే దారే లేదు. కొన్ని ఇళ్లల్లో వైరు కలిపి ఉంటుంది గానీ, బ్యాకప్ లైను న్యూట్రల్‌ని మిగతా ఇంటి న్యూట్రల్‌తో ముడేసేస్తారు, అప్పుడు ఆర్‌సీసీబీ, అదే షాక్ కొట్టకుండా కరెంటు ఆపే స్విచ్, ఊరికే పడిపోతూ ఉంటుంది. దీన్ని మీరు విప్పకండి, ఎలక్ట్రీషియన్‌ని పిలిచి "బ్యాకప్ న్యూట్రల్ విడిగా ఉందా?" అని ఈ ఒక్క మాట అడగండి. ఆయన తెల్లమొహం వేస్తే ఇంకొకరిని పిలవండి.

అల్లూరు దగ్గర రొయ్యల గుంటల పక్కన ఇల్లున్న ఒకాయనది వేరే బాధ. సరిగ్గా మంచి ఎండలో, పన్నెండు నుంచి రెండు దాకా, గ్రిడ్ ఓవర్ వోల్టేజ్, అంటే లైన్లో వోల్టేజీ ఎక్కువైందని చూపించి ఇన్వర్టర్ ఆగిపోతోందట. ఎన్ని వోల్టుల దగ్గర ఆగాలో ఆ లిమిట్ 270 చేస్తే సరిపోతుందని పెట్టినాయన అంటున్నాడట.

చేయనివ్వకండి. వోల్టేజీ మామూలుకంటే 10 శాతం మించితే 2 సెకన్లలోపు సోలార్ తప్పుకోవాలని కేంద్ర విద్యుత్ అథారిటీ 2013లోనే నిబంధన పెట్టింది, 230 లెక్కన అది 253. లిమిట్ పెంచితే ఇన్వర్టర్ ఆగదు, నిజమే, ఆ 270 మీ ఫ్రిజ్‌కీ పక్కింటి టీవీకీ వెళ్తుంది. మిట్టమధ్యాహ్నం ఇన్వర్టర్ దగ్గర ఎంత ఉందో, మీటర్ దగ్గర ఎంత ఉందో ఒకే సమయంలో కొలిపించండి. తేడా 5, 6 వోల్టులుంటే తప్పు మీ వైరుది: 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ 30 మీటర్లు లాగితే 3 కిలోవాట్లకే అంత పెరుగుతుంది. మీటర్ దగ్గరే 255 ఉంటే కరెంటు ఆఫీసు నంబరు 1912కి ఫోన్ చేసి ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్, అంటే వోల్టేజీ సర్దే మీట, చూడమని అడగండి, ఈలోగా బోరు మోటారు మధ్యాహ్నం వేసుకోండి, సోలార్ కరెంటు ఇంట్లోనే ఖర్చయితే వోల్టేజీ కాస్త దిగుతుంది.

ఇక నాకు నిజంగా టెన్షన్ పెట్టిన ఉత్తరం ఒంగోలు టీచర్ గారిది. "పెట్టినవాళ్లు ఫోన్ ఎత్తడం లేదు. యాప్ పాస్‌వర్డ్ వాళ్ల దగ్గరే ఉంది. సిస్టమ్ బాగానే నడుస్తోంది కదా, వదిలేయనా?"

వద్దు మేడమ్. ఆ లాగిన్ ఉన్నవాడు మీ ఇన్వర్టర్‌ని ఆపగలడు, గ్రిడ్ లిమిట్లు మార్చగలడు, బ్యాటరీ ఎంత వోల్టేజీ దాకా చార్జ్ అవ్వాలో కూడా మార్చగలడు. పైగా అది మీ ఒక్కరి లాగిన్ కాదు, చాలా షాపుల్లో కస్టమర్లందరికీ కలిపి ఒక్కటే ఉంటుంది, పని మానేసి వెళ్లిన కుర్రాళ్లకీ ఆ పాస్‌వర్డ్ నోటికొచ్చు. పోయిన వేసవిలో మా ఇంట్లో రెండు రోజులు ఒక్క యూనిట్ సోలార్ కరెంటు కూడా గ్రిడ్‌కి వెళ్లలేదు. ఆరా తీస్తే షాపు కుర్రాడు ఇంకెవరిదో ఎక్స్‌పోర్ట్ లిమిట్, అంటే గ్రిడ్‌కి ఎంత పంపాలనే హద్దు, సున్నా చేయబోయి నాది చేశాడు. "లిస్టులో మీ పేరు కిందే ఉంది సార్" అన్నాడు. ఇది దురుద్దేశం లేనివాడు చేసిన పని!

బిల్లు, సీరియల్ నంబరు పెట్టి నేరుగా ఇన్వర్టర్ కంపెనీ సర్వీసుకు రాయండి, ఓనర్‌గా మీ పేరు పెట్టి, షాపుకి చూసే అనుమతి మాత్రమే ఉంచమనండి. తర్వాత గేటు దగ్గర నిలబడి ఫోన్లో వైఫై లిస్టు చూడండి. పొడుగాటి అంకెల పేరుతో ఒకటి కనిపిస్తే అది మీ ఇన్వర్టర్‌ని నెట్‌కి కలపడానికి గుచ్చిన డేటా స్టిక్, దాని పాస్‌వర్డ్ చాలాసార్లు 12345678 ఉంటుంది, లేదంటే దాని స్టిక్కర్ మీదే ఉంటుంది. మార్చండి, రౌటర్లో గెస్ట్ నెట్‌వర్క్‌కి, అంటే మీ ఫోన్లు, కంప్యూటర్లు ఉండని విడి వైఫైకి, కలపండి. ఆ స్టిక్కర్ ఫోటో "ఇదేంటి ఫ్రెండ్స్" అంటూ వాట్సాప్ గ్రూపుల్లో పెట్టేవాళ్లకి దండం. 2025 మార్చిలో సైబర్ భద్రత కంపెనీ ఫోర్‌స్కౌట్ పరిశోధకులు మూడు పెద్ద ఇన్వర్టర్ కంపెనీల ఉత్పత్తుల్లో 46 భద్రతా లోపాలు బయటపెట్టారు. ఒక ఇంటి ఇన్వర్టర్‌ని ఎవడో ఆపితే గ్రిడ్‌కి ఏమీ కాదు, వేల ఇళ్లవి ఒకే క్షణంలో ఆపితే అవుతుంది.

అసలు నా కోపం ఈ స్క్రీన్ లేని ఇన్వర్టర్ల మీద. మీటలుండవు, మూడు లైట్లు మిణుకుమిణుకుమంటాయి, ఏం మార్చాలన్నా యాప్, యాప్‌కి నెట్, తుపానులో ముందు పోయేది నెట్టే! తీరంలో ఉన్నవాళ్ల కోసం ఇలాంటిది ఎవరు డిజైన్ చేశారో గానీ, వాళ్లు ఒక్క ముసురు రాత్రి టార్చి పట్టుకుని మెట్ల కింద నిలబడి ఉండరు. అప్‌డేట్లు ఇంకో తలనొప్పి, అడక్కుండా వస్తాయి, మనం పెట్టుకున్నవి చెరిపేసి పోతాయి.

టీచర్ గారూ, ఓనర్‌షిప్ మారగానే సెట్టింగ్స్ పేజీలన్నీ ఫోటో తీసి పెట్టుకోండి, అప్‌డేట్ వచ్చిన మర్నాడు పోల్చి చూడండి. ఇది రాస్తూ నాదీ చూశాను, 60 పెట్టిన రిజర్వ్ మళ్లీ 10కి వచ్చి కూర్చుంది.