173 సెంటీమీటర్ల సారథి

ప్రశ్న: 'కురోకోస్ బాస్కెట్‌బాల్' అనిమే (జపాన్ యానిమేషన్ సిరీస్) మూడు సీజన్లూ చూశాను. రకుజాన్ హైస్కూల్ కెప్టెన్ అకాషి సెయిజురో ఎత్తు 173 సెంటీమీటర్లే. తనకన్నా ఎంతో పొడవైన ఆటగాళ్లు అతని మాట జవదాటకపోవడం కేవలం ఎదుటివారి కదలికను ముందే పసిగట్టే అతడి 'చక్రవర్తి నేత్రం' మహిమేనా? నిజమైన ఆటలో ఇది సాధ్యమా?

జవాబు: 173 సెంటీమీటర్లు జపాన్ యువకుల్లో తక్కువ ఎత్తేమీ కాదు. 208 సెంటీమీటర్ల మురసాకిబారా, 195 సెంటీమీటర్ల మిదోరిమా వంటి పాత సహచరుల సరసన నిలబడటం వల్లనే అకాషి పొట్టిగా కనిపిస్తాడు. పైగా అతడిది పాయింట్ గార్డ్ స్థానం. బంతిని ముందుకు నడిపించి, ఎవరికి ఏ క్షణంలో అందించాలో నిర్ణయించే ఆ స్థానంలో పొడవు కన్నా చూపు, వేగం ముఖ్యం. నేలకు దగ్గరగా డ్రిబుల్ చేసేవాడి నుంచి బంతి లాక్కోవడం పొడగరులకు అంత సులువు కాదు. 160 సెంటీమీటర్ల మగ్సీ బోగ్స్ అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో 14 సీజన్లు ఆడాడు. ఎదుటివారి శ్వాసను, కండరాల కదలికను చూసి రాబోయే అడుగును చెప్పేయడం కల్పనే అయినా, ప్రత్యర్థి బరువంతా ఒక కాలిపై పడిన క్షణంలో దిశ మార్చి అతణ్ణి కూలబడేలా చేయడం నిజమైన కోర్టుల్లోనూ జరుగుతుంది.

అయితే జట్టుపై అతడి పట్టుకు మూలం కళ్లలో లేదు. షుతోకు హైస్కూల్ జట్టుతో సెమీఫైనల్లో, ఆట చేతికి చిక్కిందని సహచరులు కాస్త అలసత్వం చూపగానే, అకాషి బంతిని తన జట్టు బుట్టలోనే వేస్తాడు. ఓడితే పూర్తి బాధ్యత తనదేననీ, రెండు కళ్లూ పెకలించుకుంటాననీ ప్రకటిస్తాడు. (అంతర్జాతీయ నిబంధనల ప్రకారం కావాలని సొంత బుట్టలో వేయడం ఉల్లంఘన, ఆ పాయింట్లు చెల్లవు.) ఆ మాటతో జట్టు ఉలిక్కిపడి గాడిన పడుతుంది. నా దృష్టిలో అది భయంతో సాధించిన క్రమశిక్షణ మాత్రమే, నాయకత్వం కాదు. ఆ భయమంతా కెప్టెన్ ఓడడన్న నమ్మకం మీదే నిలబడింది కాబట్టే, సెయిరిన్ హైస్కూల్‌తో ఫైనల్లో ఆ జట్టు ఆటగాళ్లు కగామి, కురోకో అతణ్ణి దెబ్బతీయగానే అతడి పాస్‌లు తప్పాయి, జట్టంతా తడబడింది.

అప్పుడు రకుజాన్ సహచరుడు మయుజుమి 'నువ్వెవరు?' అని సూటిగా అడిగిన ప్రశ్నతో, అతడిలోని రెండో వ్యక్తిత్వం వెనుక అంతవరకూ మరుగున పడి ఉన్న అసలు అకాషి తిరిగివస్తాడు. ఒక్కొక్కరి లయకు సరిగ్గా సరిపోయేలా అతడు అందించిన పాస్‌లతో సహచరులు తమ సామర్థ్యాన్ని పూర్తిగా బయటపెడతారు. మీరు అడిగిన శక్తి నాకు నిజంగా కనిపించింది అక్కడే. ఒక్క పాయింటు తేడాతో, 106–105తో రకుజాన్ ఓడిపోయినా, కన్నీళ్లతోనే కురోకో గెలుపును ఒప్పుకుని, మళ్లీ ఆడదామని చేయి చాచిన అకాషినే నేను కెప్టెన్‌గా గౌరవిస్తాను.