పాపకి సోడియం తగ్గిందంటే, ఇంట్లో ఉప్పు తక్కువ పెట్టినట్టేనా?

కాదండీ. మీ వంటలో ఉప్పు తక్కువై కాదు. ముందు ఆ మాట మనసులోంచి తీసెయ్యండి.

మీరు రాసింది ఇదీ: పద్నాలుగు నెలల పాపని విరేచనాలతో ఎమర్జెన్సీలో చేర్చారు, రక్తపరీక్షలో సోడియం 124 వచ్చింది, మామగారికి బీపీ ఉందని ఇంట్లో ఉప్పు తగ్గించి వండుతారు, అందుకే ఇలా అయిందని అత్తగారు మిమ్మల్నే అంటున్నారు. రక్తంలో సోడియం 135 నుంచి 145 మధ్య ఉండాలి. విరేచనాల్లో నీళ్ళూ పోతాయి, ఉప్పూ పోతుంది. మనం నీళ్ళు మాత్రం తిరిగి పోస్తాం. మిగిలిన కాస్త ఉప్పు ఆ నీళ్ళలో పలచబడిపోతుంది. మా ఇంట్లో జరిగింది అదే.

మా బాబుకి అప్పుడు పదకొండు నెలలు, ఎనిమిది కిలోలు. 2019 మే నెలలో నిడదవోలు దగ్గర మా అత్తగారి ఊరు వెళ్ళాం. రెండో రోజు రాత్రి నుంచి నీళ్ళ విరేచనాలు పట్టుకున్నాయి. విరేచనాలప్పుడు ఉప్పు, కారం, నూనె తగలకూడదు, పథ్యం చెయ్యాలి అని మా అత్తయ్య నమ్మకం. మా అమ్మదీ అదే, ఫోన్లో ఇద్దరూ ఒకే మాట. చప్పిడి గంజి, బార్లీ నీళ్ళు, కొబ్బరి నీళ్ళు, కాచి చల్లార్చిన నీళ్ళు, మధ్యమధ్యలో గ్లూకోజ్ పొడి కలిపిన నీళ్ళు. వాడు దాహంతో గ్లాసు వదిలేవాడు కాదు. తాగుతున్నాడు కదా, నీరసం అదే పోతుందిలే అని అందరం ధైర్యంగా ఉన్నాం. మర్నాడు మధ్యాహ్నం ఊళ్ళో సూదులు వేసే ఆయన్ని పిలిస్తే ఒక గ్లూకోజ్ బాటిల్ తగిలించాడు. బాటిల్ మీద ఏం రాసుందో నేను చూళ్ళేదు.

సాయంత్రానికి బాబు ఏడవడం మానేశాడు. నెమ్మదించాడు అనుకున్నాం. పేరు పెట్టి పిలిస్తే కళ్ళు తెరిచి, నన్ను దాటి వెనక గోడకేసి చూశాడు. ఆ చూపు తప్పని నాకు అప్పుడే తోచాలి. రెండుసార్లు వాంతి కూడా చేసుకున్నాడు. రాత్రి తొమ్మిదింటికి ఎడమ చెయ్యి కొట్టుకోవడం మొదలై ఒళ్ళంతా బిగుసుకుంది. ఒళ్ళు చల్లగా ఉంది, జ్వరం లేదు. ఒకరు ఉల్లిపాయ కోసి ముక్కు దగ్గర పెట్టారు, ఒకరు పిడికిట్లో తాళాలు పెట్టారు. మా మరిది మాత్రం "వదినా, వాణ్ణి పక్కకి తిప్పు, నోట్లో ఏమీ పెట్టనివ్వకు" అని అరుస్తూ కారు తీశాడు. గోదావరి వంతెన మీద ఉండగా మళ్ళీ మొదలైంది. ఆ వంతెన ఎంత పొడుగో ఆ రాత్రే తెలిసింది నాకు.

రాజమండ్రిలో ఎమర్జెన్సీలో ఉన్న డాక్టరమ్మకి పాతికేళ్ళు దాటి ఉండవు. ముందు వేలు గుచ్చి షుగర్ చూసింది, అది బాగానే ఉంది. తరవాత నావైపు తిరిగి, "రెండు రోజుల్నుంచి ఏమేం తాగించారో ఒక్కొక్కటీ చెప్పండి" అంది. చెప్పాను. "వీటిలో దేంట్లోనైనా ఉప్పు వేశారా?" వెయ్యలేదు. రక్తం తీసి పక్కనే ఉన్న మిషన్లో పెడితే కొద్ది నిమిషాల్లో కాగితం వచ్చింది. సోడియం 116.

ఉప్పు బాగా ఎక్కువున్న మూడు శాతం సెలైన్, కిలోకి 5 ఎం.ఎల్. చొప్పున 40 ఎం.ఎల్., మెల్లగా ఎక్కించారు. అది పూర్తయ్యేలోపే బాబు చెయ్యి కొట్టుకోవడం ఆగింది.

నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. ద్రవాభిసరణం పాఠం వచ్చినప్పుడల్లా ఎండుద్రాక్ష నీళ్ళలో వేయించి, ఎందుకు ఉబ్బిందో చెప్పమని పిల్లల్ని అడుగుతాను. రక్తంలో ఉప్పు పలచబడితే మెదడు కణాలకీ అదే గతి, నీళ్ళు లోపలికి చేరి ఉబ్బుతాయి. పైగా పసిపిల్లల పుర్రెలో మెదడు పెద్దవాళ్ళకంటే నిండుగా ఉంటుంది, ఉబ్బడానికి చోటుండదు. అందుకే పెద్దవాళ్ళకంటే త్వరగా వాళ్ళకి ఫిట్స్ వస్తాయి. పదేళ్ళు ఆ పాఠం చెప్పి, నా చేత్తోనే బిడ్డకి చప్పిడి గంజి పట్టాను. ఆ బాధ ఇవాళ్టికీ పోలేదు.

మీరు ఇప్పుడు వార్డులో ఉన్నారు కాబట్టి ఒక సంగతి. కొన్ని గంటలకొకసారి రక్తం తీస్తుంటే నేను నర్సమ్మ మీద విరుచుకుపడ్డాను, పసివాణ్ణి ఎన్నిసార్లు గుచ్చుతారని. తప్పు నాదే. ఫిట్స్ ఆపడానికి మొదట నాలుగైదు పాయింట్లు గబగబా పెంచడం వేరు, మిగతాదంతా సరిచెయ్యడం వేరు. రోజుకి ఎనిమిది, పది పాయింట్లు మించి పెరిగితే మెదడులో నరాల మీది పొర దెబ్బతినే ప్రమాదం ఉంది. అందుకే అన్నిసార్లు చూస్తారు. మీ పాప సోడియం ఇవాళ ఎంత, నిన్న ఎంత, మళ్ళీ ఎప్పుడు చూస్తారు అని రోజూ అడగండి. ఒక చీటీ మీద రాసుకోండి.

ఇక ఆ బాటిల్ సంగతి. మన ఊళ్ళలో "సెలైన్ పెట్టించాం" అంటే సరిపోతుంది, ఏ సెలైన్ అని అడిగే మనిషి ఉండడు. నార్మల్ సెలైన్‌లో సోడియం 154 ఉంటుంది, రింగర్ లాక్టేట్‌లో 130. ఉత్త ఐదు శాతం గ్లూకోజ్ బాటిల్లో సున్నా. గ్లూకోజ్ ఒంట్లో ఖర్చయిపోయాక మిగిలేది నీళ్ళే, అంటే నరంలోకి నేరుగా నీళ్ళు పోసినట్టు. ఊళ్ళో ఆయన్ని ఒక్కణ్ణీ అని లాభం లేదు. పిల్లలకి రోజుకి ఎన్ని నీళ్ళు, ఎంత ఉప్పు కావాలో 1957లో హాలిడే, సెగర్ అనే ఇద్దరు డాక్టర్లు కట్టిన లెక్కని పట్టుకుని దశాబ్దాలపాటు పెద్ద ఆసుపత్రుల్లోనే పిల్లలకి ఉప్పు తక్కువున్న డ్రిప్పులు ఎక్కించారు. రక్తంతో సమానంగా సోడియం ఉన్నవే వాడాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెప్పింది 2018లో. న్యుమోనియా, మెదడు జ్వరం లాంటివాటితో చేరిన పిల్లలకైతే ఇది మరీ ముఖ్యం. ఆ జబ్బుల్లో ఒంట్లోని ఒక హార్మోను మూత్రం సరిగ్గా పోనివ్వదు, నీళ్ళు లోపలే నిలిచిపోతాయి. విరేచనాలు లేకపోయినా సోడియం పడిపోతుంది.

నన్నడిగితే మన దగ్గర విరేచనాల తరవాత పిల్లలకి ఫిట్స్ రావడానికి ఈ చప్పిడి పథ్యం కూడా ఒక కారణం. ఆ వారం మా వార్డులో నాలుగు మంచాల దగ్గర తల్లుల్ని అడిగాను. ముగ్గురు ఉప్పులేని గంజే పట్టారు. నాలుగో ఆవిడ ఓఆర్ఎస్ (విరేచనాలప్పుడు నీళ్ళలో కలిపి తాగించే ఉప్పు, గ్లూకోజ్ పొడి) అడిగితే మందుల షాపులో పండ్లరసం డబ్బా చేతిలో పెట్టారట, దాని మీద ఓఆర్ఎస్ అనే అక్షరాలున్నాయి కాబట్టి ఆవిడ నమ్మింది. ఆ డబ్బాల మీద హైదరాబాదులో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి ఒంటరిగా పోరాడారు. 2025 అక్టోబరులో గానీ ఆహార పదార్థాల ప్రమాణాలు చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఎఐ అలాంటి పానీయాల పేర్లలో ఆ మాట వాడకూడదని ఆదేశించలేదు. అసలైన ఓఆర్ఎస్ లీటరులో గ్లూకోజ్ పదమూడున్నర గ్రాములే. ఆ రసాల్లో చక్కెర దానికి ఎన్నో రెట్లు. ఎక్కువైన చక్కెర పేగులోకి నీళ్ళు లాగి విరేచనాలు పెంచుతుంది. దాహంతో ఉన్న పసిబిడ్డకి అది అమ్మడానికి ఎవరికైనా చెయ్యెలా వచ్చిందో!

తగుపాళ్ళలో చక్కెర ఉంటే పేగు ఉప్పుని బాగా లోపలికి తీసుకుంటుంది, ఉప్పు వెంట నీళ్ళు వెళతాయి. ఓఆర్ఎస్ కిటుకంతా అంతే. 1971లో బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు బన్‌గావ్ శరణార్థుల శిబిరంలో కలరా వస్తే, సెలైన్ బాటిళ్ళు అయిపోయి, డాక్టరు దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజ్, వంటసోడా కలిపిన నీళ్ళు తాగించి వేలమందిని బతికించారు. ఆయనకి పద్మవిభూషణ్ వచ్చింది 2023లో, అప్పటికే ఆయన లేరు. మన పిల్లల పాఠాల్లో ఆయన పేరు ఎందుకుండదో నాకు అర్థం కాదు.

ఇంటికెళ్ళాక డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని రాసి ఉన్న ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్ కొనండి. పెద్దది లీటరు నీళ్ళకి, చిన్నది 200 ఎం.ఎల్.కి. పెద్ద ప్యాకెట్ గ్లాసుడు నీళ్ళలో కలిపితే సోడియం మరీ పెరిగిపోతుంది, అదీ ప్రమాదమే. సగం పొడి దాచిపెట్టి లీటరు కలిపితే మళ్ళీ మొదటికొస్తాం. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు నీళ్ళకి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. టీ చెంచాతో, గోపురంలా కాకుండా సమానంగా. తల్లిపాలు ఆపకండి. డాక్టరు రాసిన జింక్ మందు, విరేచనాలు తగ్గినా, పద్నాలుగు రోజులూ వెయ్యండి.

మా బాబు మూడో రోజుకి నన్ను చూసి చేతులు చాచాడు, ఆరో రోజు ఇంటికొచ్చాం. ఇప్పుడు బడికి వెళుతున్నాడు, బాగున్నాడు. మీ అత్తగారికి ఈ జవాబు చదివి వినిపించండి, కోపంగా కాదు, పక్కన కూర్చుని. మా అత్తయ్యకి నేను అలాగే చెప్పాను. ఆవిడ చాలాసేపు ఏడ్చింది. ఇప్పుడు ఆ వీధిలో ఏ బిడ్డకి విరేచనాలు పట్టుకున్నా గంజి తనే కాచి తీసుకెళుతుంది, ఉప్పు వేసి, రుచి చూసి.