పంటి నొప్పి మందుల గురించి కాదు, వారానికోసారి వేసుకునే ఆ టీబీ మాత్ర గురించి అడగండి

ప్రశ్న: నా వయసు 28. మాకు మూడేళ్ల పాప. పీహెచ్‌సీలో ఇచ్చే మాలా-ఎన్ గర్భనిరోధక మాత్రలు ఏడాదిగా వాడుతున్నాను, ఒక్క రోజు కూడా మర్చిపోలేదు. పోయిన వారం పంటి దగ్గర చీము పట్టి వాస్తే డెంటిస్ట్ అమాక్సిసిలిన్, మెట్రోనిడజోల్ ఐదు రోజులకు రాశారు. రెండో రోజు రాత్రి మాలా-ఎన్ వేసుకున్న గంటకే వాంతి అయింది. మర్నాటి నుంచి మళ్లీ మామూలుగానే వేసుకుంటున్నాను. యాంటీబయాటిక్స్ వాడితే ఈ మాత్ర పనిచేయదని, ఆమె ఫ్రెండ్‌కి అలాగే గర్భం వచ్చిందని మా తోడికోడలు చెప్పింది. అప్పటి నుంచి ఒకటే టెన్షన్. ఈ నెలకు మాలా-ఎన్ ఆపేయమంటారా? మా అత్తమ్మకు ఈ మధ్యే టీబీ అని తేలింది. ఇంట్లో వాళ్లందరికీ వారానికోసారి వేసుకునే మాత్రలు ఇస్తామన్నారు. ఇన్ని మందులు ఒకేసారి వేసుకోవచ్చా?
– ఒక సోదరి, కరీంనగర్

జవాబు: మాలా-ఎన్ ఆపకండమ్మా. ఈ భయంతో మధ్యలో మాత్రలు మానేసి గర్భంతో వచ్చిన వాళ్లను నేను చాలామందిని చూశాను, అక్కడ యాంటీబయాటిక్ చేసిందేమీ లేదు, మానేయడం వల్లే వచ్చింది.

మీ డెంటిస్ట్ రాసిన రెండు మందులూ మాలా-ఎన్ పనికి అడ్డు రావు. అజిత్రోమైసిన్, డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్ససిన్ లాంటివి, అంటే జ్వరానికీ గొంతు నొప్పికీ యూరిన్ ఇన్ఫెక్షన్‌కీ మనకు తరచూ రాసేవి కూడా అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల్లో కూడా ఇలాంటి మామూలు యాంటీబయాటిక్స్‌తో గర్భనిరోధక మాత్రలు వాడటానికి ఏ ఆంక్షా లేదు.

మీ తోడికోడలు మాటను కొట్టిపారేయను, ఎందుకంటే ఒకప్పుడు డాక్టర్లమే అలా చెప్పేవాళ్లం. 1971లో జర్మనీలో టీబీకి రిఫాంపిసిన్ వాడుతూ గర్భనిరోధక మాత్రలు కూడా వేసుకుంటున్న స్త్రీలకు నెల మధ్యలో రక్తస్రావం కనిపిస్తోందని డాక్టర్లు గమనించారు. తర్వాత ఆంపిసిలిన్ వాడినప్పుడు గర్భం వచ్చిన కేసులు ఒకటీ అరా బయటికొచ్చాయి, దాంతో పేగుల్లోని మంచి బ్యాక్టీరియాను యాంటీబయాటిక్స్ చంపేయడం వల్ల హార్మోన్ మళ్లీ ఒంట్లోకి చేరకుండా బయటికి పోతోందేమో అని ఒక ఊహ పుట్టింది. ఊహ బాగానే ఉంది గానీ, మామూలు యాంటీబయాటిక్స్ వాడుతున్న స్త్రీల రక్తంలో హార్మోన్ ఎంతుందో కొలిచి చూస్తే తగ్గలేదు. అయినా ఆ జాగ్రత్త చాలా ఏళ్లు అలాగే నడిచింది, బ్రిటన్‌లో 2011 దాకా యాంటీబయాటిక్ రాసిన ప్రతిసారీ కండోమ్ కూడా వాడమనే చెప్పేవాళ్లు. మరి ఆ ఫ్రెండ్‌కి గర్భం ఎందుకు వచ్చిందంటారా? మామూలుగా అందరూ వాడే తీరులో, అంటే అప్పుడప్పుడూ మర్చిపోతూ వాడితే, ఈ మాత్రల మీద ఉన్న వంద మందిలో ఏడుగురికి ఏడాదిలో గర్భం వస్తుంది. ఆ ఏడుగురిలో ఎవరో ఒకరు ఆ నెలలో యాంటీబయాటిక్ వేసుకుని ఉండటం పెద్ద వింతేమీ కాదు.

మీరు చెప్పినదాంట్లో నిజంగా పట్టించుకోవాల్సింది ఆ రాత్రి వాంతి. మాత్ర వేసుకున్న మూడు గంటల్లోపు వాంతి అయితే అది ఒంటికి పట్టలేదనే అనుకోవాలి, అప్పుడే ఇంకో మాత్ర వేసుకోవాల్సింది. మీరు వేసుకోలేదు కాబట్టి ఒక మాత్ర మర్చిపోయినట్టు లెక్క. మిగతావన్నీ టైముకే వేసుకున్నారు, ఒక్కదానితో రక్షణ పోదు. వాంతులో బాగా నీళ్ల విరేచనాలో రెండు రోజులు దాటి సాగితే మాత్రం, తగ్గాక వరసగా ఏడు రోజులు మాత్రలు పడేదాకా కండోమ్ వాడాలి. మాలా-ఎన్ ప్యాక్ చివర్లో ఉండే ఐరన్ మాత్రలు వేసుకునే వారంలో నెలసరి రాకపోతే మెడికల్ షాపులో కిట్ తెచ్చి టెస్ట్ చేసుకోండి, మనసు కుదుటపడుతుంది.

ఇక మీరు చివర్లో మామూలుగా చెప్పి వదిలేసిన మాట ఉంది చూడండి, వారానికోసారి మాత్ర అని, నన్ను ఆపింది అదే. టీబీ పేషెంట్ ఉన్న ఇంట్లో మిగతావాళ్లకు జబ్బు రాకుండా ముందే ఇచ్చే మందు అది. వారానికోసారి చొప్పున 12 వారాలు వేసుకునే కోర్సు అయితే అందులో ఐసోనియాజిడ్‌తో పాటు రిఫాపెంటిన్ ఉంటుంది. ఇది రిఫాంపిసిన్‌కి తోబుట్టువు లాంటిది. ఈ జాతి మందులు లివర్‌ని తొందరపెడతాయి, మందుల్ని విరగ్గొట్టే ఎంజైములు అక్కడ ఎక్కువగా తయారై, మాలా-ఎన్‌లోని రెండు హార్మోన్లనూ అవి పని చేసేలోపే కరిగించేస్తాయి. మీరు రోజూ టైముకు వేసుకుంటూనే ఉంటారు, కానీ రక్తంలో ఉండాల్సినంత హార్మోన్ ఉండదు. కోర్సు అయిపోయిన వెంటనే లివర్ మామూలుగా మారదు, ఇంకో నాలుగు వారాలు పడుతుంది. అంటే మొత్తం దాదాపు నాలుగు నెలలు మాలా-ఎన్ ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. కలయిక తర్వాత గర్భం రాకుండా వేసుకునే 72 గంటల మాత్ర అంటారే, అది కూడా ఆ రోజుల్లో సరిగ్గా పనిచేయదు.

అలాగని టీబీ రాకుండా ఇచ్చే ఆ మందు వద్దనకండి. ఇంట్లో మూడేళ్ల పాప ఉంది, మీకు టీబీ వస్తే తనకూ ప్రమాదమే. మీకు ఇప్పటికే టీబీ లేదని చూసుకున్నాకే ఈ కోర్సు మొదలుపెట్టాలి, కాబట్టి దగ్గు, జ్వరం, బరువు తగ్గడం లాంటివి ఏమున్నా చెప్పండి. మాత్ర ఇచ్చేటప్పుడు "నేను మాలా-ఎన్ వాడుతున్నాను, ఇందులో రిఫాపెంటిన్ ఉందా" అని అడగండి. అడగడానికి మొహమాటం వద్దు, వాళ్లు అడగకపోయినా మీరే చెప్పాలి. కొన్నిచోట్ల ఆరు నెలలు రోజూ వేసుకునే ఐసోనియాజిడ్ ఒక్కటే ఇస్తారు, అదైతే మాలా-ఎన్‌కి ఇబ్బంది లేదు. రిఫాపెంటిన్ వేసుకున్నాక మూత్రం నారింజ రంగులో రావచ్చు, దానికి కంగారు పడొద్దు. మీ తోడికోడలు కూడా అదే ఇంట్లో ఉంటూ గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే ఆమెకూ ఈ మాట చెప్పండి, ఫిట్స్‌కి ఫెనిటాయిన్, కార్బమజెపైన్ వాడేవాళ్లకూ ఇదే సమస్య ఉంటుంది.

ఆ నాలుగు నెలలకు ఏం చేయాలంటే, కాపర్-టి మీద ఈ మందుల ప్రభావమే ఉండదు. మూడు నెలలకోసారి ఇచ్చే అంతర ఇంజెక్షన్ కూడా పనిచేస్తుంది, కాకపోతే అది ఆపాక మళ్లీ గర్భం రావడానికి కొన్ని నెలలు ఆలస్యం అవుతుంది, వచ్చే ఏడాది రెండో బిడ్డ కావాలనుకుంటే అది ఆలోచించుకోండి. రెండూ వద్దనుకుంటే మాలా-ఎన్ కొనసాగిస్తూనే ప్రతిసారీ కండోమ్ వాడాలి, ఒక్కసారి కూడా వదలకుండా, ఈ విషయంలో మీ ఆయనను కూడా కూర్చోబెట్టి చెప్పండి. కాపర్-టి, అంతర రెండూ ప్రభుత్వాసుపత్రిలో ఉచితమే. కాపర్-టి అయితే, ఇప్పుడు మాలా-ఎన్ రక్షణ ఉంది కాబట్టి నెలసరి కోసం ఎదురుచూడకుండా ఏ రోజైనా వేయించుకోవచ్చు, వారానికోసారి వేసుకునే ఆ మాత్రలు మొదలుపెట్టే లోపే అయితే ఇంకా మంచిది.