మీటింగు కోసం అడిగిన అల్లుడికి

అల్లుడా,

తాగుడు మానాలనుకునేవాళ్ల మీటింగులు ఎక్కడ జరుగుతాయో మామను అడగమని నువ్వే అన్నావట. అక్క ఫోన్‌లో చెబుతుంటే నాకు చాలా సంతోషమైంది. నల్లగొండ వచ్చినప్పుడు మాట్లాడుకోవచ్చులే అని ఊరుకోవడం ఇష్టం లేక ఇప్పుడే రాస్తున్నాను.

మీటింగు కంటే ముందు ఒక పని ఉంది. నువ్వు పొద్దున లేవగానే చేతులు వణికి, ఒక క్వార్టర్ పడితేగానీ కుదుటపడని స్థితిలో ఉన్నావని విన్నాను. అలాంటి మనిషి పట్టుదలతో ఒక్కరోజులో ఆపేయకూడదు. ఆపిన రెండు రోజుల్లోపే ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి లేనివి కనిపిస్తాయి, మనుషులను గుర్తుపట్టరు, ప్రాణం మీదికి కూడా వస్తుంది. మన పాలమూరు వైపు కల్లు కాంపౌండ్లకు అలవాటుపడిన వాళ్ల సంగతి ఇంకా కష్టం. కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారు కాబట్టి, అది మానితే ఆ మత్తుమందులు కూడా ఒకేసారి ఆగిపోతాయి. కల్లు కూడా తాగుతున్నావా లేదా అన్నది డాక్టరుకు దాచకుండా చెప్పు. మహబూబ్‌నగర్ జనరల్ ఆసుపత్రిలో మానసిక వైద్యులను కలువు, అవసరమైతే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి వెళ్దాం. ఆ పేరు వినగానే భయపడకు. తాగుడు మానడానికి అక్కడికి వచ్చేవాళ్లు చాలామంది.

ఇక మీటింగు. మేమంతా ఏఏ అని పిలిచేది ఆల్కహాలిక్స్ అనానిమస్‌ను. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు, ఒక వ్యాపారి, ఒక డాక్టరు, ఒకరికొకరు తోడుగా మానడంతో అది మొదలైంది. తాగుడు మానాలన్న కోరిక ఒక్కటి ఉంటే చాలు, సభ్యుడివే. ఫీజు లేదు. చివర్లో సంచి తిప్పుతారు, కొత్తవాడు వేయకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. ఏఏ పేరు చెప్పి ఎవరైనా వేలల్లో ప్యాకేజీ మాట్లాడితే అది ఏఏ కాదు, లేచి వచ్చెయ్.

వెతకడానికి ఫోన్ చాలు. ఏఏ వాళ్ల వెబ్‌సైటులో ఊరు, రోజు, సమయం దొరుకుతాయి. మత్తు అలవాటు మాన్పించే కేంద్ర ప్రభుత్వ డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446, మనసు బాగాలేనప్పుడు టెలిమానస్ 14416, రెండూ ఉచితమే. ఆసుపత్రిలో డీ-అడిక్షన్ చూసే కౌన్సిలర్లను, నర్సులను కూడా అడుగు, దగ్గర్లో ఏ గ్రూపు నడుస్తోందో వాళ్లకు బాగా తెలుస్తుంది. అయితే పాత లిస్టు పట్టుకుని బస్సెక్కకు. హాలు మారుతుంది, రోజు మారుతుంది. ముందు ఫోన్ చేసి మూడు మాటలు అడుగు: తెలుగులో మాట్లాడుకుంటారా, ఓపెన్ మీటింగా క్లోజ్డా, ఎన్నింటికి అయిపోతుంది. ఓపెన్ అయితే మీ ఆవిడ కూడా నీతో రావచ్చు, క్లోజ్డ్ తాగుడు సమస్య ఉన్నవాళ్లకే. మూడోది ఎందుకంటే, చివరి బస్సు తప్పిపోతుందేమోనన్న టెన్షన్‌లో కూర్చుంటే ఒక్క మాటా చెవికెక్కదు.

చర్చి హాల్లోనో బడిలోనో పెట్టారని మతం సంగతి అనుకోకు. గది తక్కువ అద్దెకు దొరుకుతుంది కాబట్టి అక్కడ పెడతారు, అంతే.

జడ్చర్లలో తెలిసినవాళ్లు చూస్తారని నీ భయం. అది చిన్న భయం కాదు, పిల్ల పెళ్లి సంబంధాల దాకా పోతుందని నాకు తెలుసు. మొదటి రెండు మూడుసార్లు హైదరాబాద్ వెళ్లు, అక్కడ గ్రూపులు చాలా ఉన్నాయి. కానీ దాన్నే శాశ్వతం చేసుకోకు. నాట్ల పని వచ్చినా, ఒంట్లో బాగాలేకపోయినా ముందు ఆగిపోయేది ఆ దూరపు ప్రయాణమే. నా లెక్కలో వారం తప్పకుండా వెళ్లగలిగేదే మంచి మీటింగు, అక్కడ మాట్లాడేవాళ్లు అంత గొప్పగా మాట్లాడకపోయినా సరే. కొత్తవాళ్లకు తొంభై రోజుల్లో తొంభై మీటింగులని ఏఏలో పాత సలహా ఒకటుంది. మన దగ్గర అది కుదరదు కాబట్టి మిగతా రోజులు ఆన్‌లైన్ మీటింగు పెట్టుకో. చేను గట్టు మీద కూర్చుని ఇయర్‌ఫోన్‌తో వినేవాళ్లున్నారు.

మొదటి రోజు పేరు ఒక్కటే చెప్పు. ఇంటిపేరు, కులం, ఊరు ఎవరూ అడగరు. మాట్లాడాలనిపించకపోతే "ఈరోజు వింటాను" అంటే చాలు. ఒకరు చెబుతుంటే మధ్యలో సలహాలివ్వరు, అది నాకు మొదట వింతగా అనిపించింది, తర్వాత అదే నన్ను అక్కడ నిలబెట్టింది. అయిపోగానే పారిపోకుండా టీ దగ్గర నిలబడి, కనీసం ఇద్దరి ఫోన్ నంబర్లు తీసుకో. దసరా దావత్‌లో గ్లాసు చేతికి వచ్చినప్పుడు నువ్వు ఫోన్ చేయాల్సింది ఆ నంబర్లకే. ఒక గ్రూపు నచ్చకపోతే ఇంకోటి చూడు, కొన్నిసార్లైనా వెళ్లకుండా మాత్రం తేల్చేయకు.

అక్కకు, మీ ఆవిడకు కూడా ఇది చదివి వినిపించు. అన్నంలో తెలియకుండా కలిపే పొడులు, మాత్రలు ఎవరు అమ్మినా కొనొద్దు. తాగుడు మాన్పించడానికి వాడే డైసల్ఫిరాం లాంటి మందు ఒంట్లో ఉండగా తాగితే విపరీతంగా వాంతులై బీపీ పడిపోతుంది, అందుకే డాక్టరు చెప్పి, మనిషి ఒప్పుకున్నాకే ఇవ్వాలి. ఇంటివాళ్లకు అల్-అనాన్ అని వేరే మీటింగులున్నాయి. నువ్వు మానినా మానకపోయినా మీ ఆవిడకు అవి పనికొస్తాయి, ఏళ్ల తరబడి ఒక్కతే మోసిన బాధ అది.

సోమవారం ఓపీకి వెళ్లి డాక్టరు ఏమన్నాడో నాకు చెప్పు. ఒక్కడివే లోపలికి వెళ్లలేననుకుంటే మొదటి మీటింగుకు నేను వచ్చి బస్టాండులో కలుస్తాను. తాగి ఉన్న రోజైనా సరే, ఫోన్ చెయ్.

మీ మామ