పాత గుళ్లు, శాసనాల సైట్‌కి యాడ్స్ పెడితే హోస్టింగ్ పైసలు వెళ్తాయా?

మీరు అడిగింది క్లుప్తంగా: నల్లగొండ, సూర్యాపేట, పాలమూరు వైపు పాత గుళ్లు, కోటలు, శాసనాల ఫొటోలు పెట్టుకునే సైట్. 400 మంది సభ్యులు, నెలకు 20 వేల పేజీ వ్యూలు, ఏడాదికి 9 వేల హోస్టింగ్ ఖర్చు (సైట్ ఇంటర్నెట్‌లో ఉండటానికి కట్టే అద్దె), అది ఇద్దరి జేబుల నుంచే. యాడ్సెన్స్ (మన సైట్‌లో గూగుల్ యాడ్స్ వేసి పైసలిచ్చే పద్ధతి) అనగానే కొందరు సభ్యులు అలిగారు.

పెట్టొచ్చు అన్నా. కానీ యాడ్సెన్స్ ఒక్కదాన్నే నమ్ముకుంటే మీ ఖర్చు వెళ్లదు. వెయ్యి వ్యూలకు 25 రూపాయలు పడతాయనుకోండి, నెలకు 500, ఏడాదికి 6 వేలు. ఈ 25 ఉత్త అంచనానే. ఇక్కడోళ్లు చూస్తే ఒక రేటు, అమెరికాలో ఉన్న మనోళ్లు చూస్తే ఇంకో రేటు, తేడా చాలా ఉంటుంది. అసలు చిక్కు వేరే. 100 డాలర్లు పోగయ్యేదాకా గూగుల్ పైసలు పంపదు. నెలకు 500 చొప్పున అక్కడికి చేరేసరికి దగ్గర దగ్గర ఏడాదిన్నర పడుతుంది. ఈలోపు రెన్యువల్ బిల్లు వచ్చి కూర్చుంటుంది.

అందుకే ముందు ఖర్చు తగ్గుతుందేమో చూడండి. ఇట్లాంటి సైట్లలో జాగా తినేది ఫొటోలే. ఫోన్‌లో తీసిన ఫొటో 5, 6 ఎంబీ ఉంటుంది. వెడల్పు 1600 పిక్సెళ్లకు దించి వెబ్‌పీ (ఫొటో సైజు తగ్గించే ఫైలు రకం) చేస్తే చాలావరకు 300 కేబీ లోపు వస్తుంది. శాసనాల ఫొటోలకు మాత్రం ఒరిజినల్ పారేయొద్దు. అరిగిన అక్షరం చదవాలంటే పెద్ద ఫైలే కావాలి. దాన్ని సైట్ మీద కాకుండా విడిగా హార్డ్ డిస్క్‌లో పెట్టండి.

సభ్యుల అలకలో న్యాయం ఉంది. ఫొటోలు వాళ్లవి. ఎవరైనా క్రియేటివ్ కామన్స్ నాన్ కమర్షియల్ లైసెన్స్ కింద, అంటే వ్యాపారానికి తప్ప ఊరికే వాడుకోవచ్చన్న షరతు మీద ఇచ్చి ఉంటే, ఆ ఫొటో పక్కన యాడ్ పెట్టడం లొల్లికి దారి. ముందు ఆ పేజీలు వేరు చేసి, ఒక్కొక్కరిని రాతపూర్వకంగా అడగండి. వద్దన్నవాళ్ల పేజీలో యాడ్ కోడ్ వేయకండి. లాగిన్ అయిన సభ్యులకు యాడ్స్ అసలే కనపడొద్దు, బయటి నుంచి సెర్చ్‌లో వచ్చేవాళ్లకే చూపించండి. దీనితో సగం అలక అక్కడే తీరుతుంది. వచ్చిన పైసలు, పోయిన పైసలు నెలనెలా అందరూ చూసేచోట రాసి పెట్టండి.

ఇక మీ ఖర్చు వెళ్లదీసేది స్థానిక యాడ్స్. నాలుగు జాగాలు, ఒక్కోటి నెలకు 250, కనీసం మూడు నెలలకు అంటే 750 ముందే తీసుకోండి. నాలుగూ నిండితే ఏడాదికి 12 వేలు. క్లిక్కుల లెక్కన అమ్మొద్దు, దుకాణపాయన మీ లెక్క నమ్మడు. దానికి బదులు యాడ్‌కి వాట్సాప్ లింకు ఇచ్చి, అందులో "మీ యాడ్ సైట్‌లో చూసి అడుగుతున్నా" అన్న మెసేజ్ ముందే నింపి పెట్టండి. ఎందరు వచ్చారో ఆయన ఫోన్‌లో ఆయనే చూసుకుంటాడు. నల్లగొండ గడియారం సెంటర్ దగ్గరి లాడ్జీలు, పానగల్ గుళ్లకు, నాగార్జునసాగర్‌కు తిప్పే కార్ల ట్రావెల్స్ వాళ్లు, కెమెరా రిపేరు దుకాణాలు మీకు పనికొచ్చే గిరాకీ. చెర్వుగట్టు జాతరకు, కురుమూర్తి జాతరకు నెల ముందు అడిగితే తొందరగా ఒప్పుకుంటారు. ఒక మాట, పిల్లలమర్రి పేజీ చూసుకోండి. సూర్యాపేట పక్కన ఉన్న గుళ్ల పిల్లలమర్రి వేరు, పాలమూరులో ఉన్న పెద్ద మర్రిచెట్టు వేరు. మహబూబ్‌నగర్ లాడ్జీ యాడ్ సూర్యాపేట పేజీలో వేస్తే ఎవరికీ ఉపయోగం లేదు.

డిజైన్ దగ్గర రెండు తప్పులు జరుగుతయి. ఫ్లెక్స్ షాపోళ్లు ప్రింటు కోసం చేసిన సీఎంవైకే (ప్రింటు రంగుల పద్ధతి) ఫైలే పంపుతారు, బ్రౌజర్‌లో రంగులు మారిపోతయి. ఆర్‌జీబీలో (స్క్రీన్ రంగుల పద్ధతి) 300×250 పిక్సెళ్ల పీఎన్‌జీ గానీ జేపీజీ గానీ అడగండి. ప్రింటు షాపుల్లో వాడే అను ఫాంట్లలో టైపు చేసిన తెలుగును కాపీ చేసి పెడితే పిచ్చి గీతలు వస్తయి, బొమ్మగానే తీసుకోండి. పైసలు తీసుకుని ఇచ్చే ప్రతి లింకుకి కోడ్‌లో స్పాన్సర్డ్ అన్న గుర్తు తగిలించాలి, లేకుంటే గూగుల్ సెర్చ్‌లో సైట్‌కే దెబ్బ. కాస్త పేరొచ్చాక రమ్మీ, బెట్టింగ్ వాళ్లు ఎక్కువిస్తామని మెయిల్ పెడతారు. తీసుకోవద్దు. తెలంగాణ 2017లోనే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. 2025 కేంద్ర చట్టం ప్రకారం పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల యాడ్ వేయడమే నేరం.

మిగిలిన జాగాల్లో యాడ్సెన్స్ వేయండి. తెలుగు పేజీలకు 2018 నుంచి ఇస్తున్నారు. ఫొటో ఒక్కటే ఉన్న పేజీలు ఎక్కువుంటే "విలువ తక్కువ కంటెంట్" అని తిప్పి పంపుతారు. ఊరు, మండలం, లిపి, రాయి ఎక్కడుంది, చదివిన పాఠం, ఇట్లా రెండు మూడు పేరాలైనా ఉండాలి. ప్రైవసీ పేజీ తప్పనిసరి. లండన్ నుంచి చూసేవాళ్ల కోసం కుకీల అనుమతి మెసేజ్ కూడా ఆన్ చేయాలి, అది యాడ్సెన్స్‌లోనే దొరుకుతుంది. ఆటో యాడ్స్ (గూగుల్ తనకు తోచిన చోట యాడ్ వేసేది) ఆపేసి, రెండో పేరా తర్వాత ఒక్క జాగా మీరే పెట్టండి. దానికి 250 పిక్సెళ్ల ఎత్తు ముందే కేటాయించకపోతే యాడ్ లోడ్ అయ్యేసరికి రాత కిందికి దుముకుతుంది, చదివేవాళ్లు తప్పుగా నొక్కుతారు. ఫొటోల గ్యాలరీ నడుమ యాడ్ ఇరికించొద్దు, యాడ్‌నే ఫొటో అనుకుని నొక్కేలా ఉంటే అది నిబంధనలకే విరుద్ధం. యాడ్సెన్స్‌లోని బ్లాకింగ్ కంట్రోల్స్‌లో (వద్దనుకున్న యాడ్స్ ఆపే చోటు) చేతబడి, జ్యోతిష్యం, డేటింగ్ కేటగిరీలు ఆపేయండి. శివాలయం పేజీ పక్కన వశీకరణం యాడ్ వస్తే మీరే సమాధానం చెప్పుకోవాలి.

అకౌంట్ పోయేది ఎక్కువగా ప్రేమతోనే. "సైట్‌కి సాయం, యాడ్ నొక్కండి" అని ఒక సభ్యుడు వాట్సాప్ గ్రూపులో పెడితే చాలు, చెల్లని క్లిక్కులని మూసేస్తారు. ఈ సంగతి మొదటి రోజే అందరికీ చెప్పండి.

యాడ్సెన్స్‌లో 10 డాలర్లు దాటగానే మీ అడ్రసు సరిచూసుకోవడానికి గూగుల్ పంపే పిన్ నంబరు పోస్టులో వస్తుంది, రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. అడ్రసు ఇంగ్లీషులో, ఇంటి నంబరు, పిన్‌కోడ్‌తో పోస్ట్‌మ్యాన్ గుర్తుపట్టేలా రాయండి. నాలుగు నెలల్లో పిన్ ఎక్కించకుంటే యాడ్స్ ఆగిపోతయి. అకౌంట్ ఎవరి పేరున ఉందో బ్యాంకు ఖాతా కూడా ఆ పేరునే ఉండాలి, ఆదాయమూ ఆ మనిషి ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నుల్లోనే చూపించాలి. కాబట్టి ఎవరి పేరున అనేది మీ ఇద్దరూ ముందే తేల్చుకోండి. విదేశీ పైసలు రావడానికి కావాల్సిన స్విఫ్ట్ కోడ్ చిన్న బ్రాంచికి ఉండకపోవచ్చు, అదే బ్యాంకు పెద్ద బ్రాంచి కోడ్ అడిగి తీసుకోండి. పైసలు వచ్చినప్పుడు బ్యాంకు పర్పస్ కోడ్ (ఎందుకు వచ్చిన పైసలో చెప్పే కోడ్) అడిగితే ప్రకటనల సేవలకు పీ1007.